తొమ్మిదీ ఐదు పావురం

ఆ సోమవారం ఉదయం ఆ ఇంట్లో ఉన్నది ఐదుగురు. ముందు గదిలోని ప్రింటింగ్ షాపులో కాగితాల కట్టలు సర్దుతున్న నాన్న. వంటింట్లో పొయ్యి దగ్గర అమ్మ. వరండా కుర్చీలో చెవికి రేడియో ఆనించుకుని, ఎవరైనా పిలిస్తే మాత్రం వినపడదనే తాతయ్య. వారం ఉండి పోతానని వచ్చి మూడో వారంలో అడుగుపెట్టిన అత్తయ్య. ఐదోది చిన్ని. లేనిది అక్క. అయితే ఎనిమిది నెలలుగా ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ చోటు ఆక్రమించుకుని ఉన్నది ఆ లేని మనిషే.

చిన్నికి పదిహేనేళ్ళు. మాట్లాడదు. మాటలు రాక కాదు, వచ్చినవి గొంతులో ఒకదాన్నొకటి తోసుకుని అక్కడే పడిపోతాయి. పలకరిస్తే "ఊఁ" అంటుంది. ఇంకాస్త గట్టిగా పలకరిస్తే అదీ అనదు. "మూగనోము పట్టావుటే?" అని అత్తయ్య ఒకసారి అడిగింది. జవాబు రాకపోయేసరికి అదే పేరుగా ఖాయం చేసింది. నోటి మాట గడప దాటేది కాదు గానీ, కాగితం మీద చిన్ని మాటలు కోటలు దాటేవి. ఆ సంగతి తెలిసింది అక్కకు ఒక్కదానికే.

అక్క ఉద్యోగం ఎక్కడో సముద్రం మధ్య ఒక చిన్న దీవిలో, వాతావరణ కేంద్రంలో. గాలి ఎటు వీస్తోందో, ఎంత వేగంగా వీస్తోందో కొలిచి రాయడం ఆమె పని. ఆ దీవికి ఉత్తరాలు వెళ్ళేదీ, అక్కణ్ణుంచి వచ్చేదీ కంప్యూటర్‌లోనే. అదీ ఆదివారం తప్ప మిగతా రోజుల్లో ఉదయం తొమ్మిదీ ఐదు నుంచి తొమ్మిదీ ఇరవై దాకా మాత్రమే. ఆ పావుగంట దాటాక ఏది పంపినా గోడకు కొట్టిన బంతిలా తిరిగొస్తుంది. ఆదివారం ఒక్కసారి ఫోను వస్తుంది. రెండు నిమిషాలు. దాన్ని ఇంటిల్లిపాదీ పంచుకోవాలి.

మొన్న ఆదివారం ఫోనులో అక్క అంది, "ఇంకో ఏడాది ఉండమంటున్నారు. శుక్రవారం తొమ్మిదీ ఇరవైలోగా ఏ సంగతో రాసి పంపాలి. పంపకపోతే వెళ్ళిపోతున్నట్టే లెక్క. ఏం చెయ్యమంటారు?"

"మంచి ఉద్యోగం, వదులుకోకు" అన్నాడు నాన్న.

"మా గురించి బెంగపెట్టుకోకమ్మా, మేం బాగానే ఉన్నాం" అంది అమ్మ.

"గాలిని కొలిస్తే జీతమిచ్చే మారాజులు మళ్ళీ దొరకరే" అన్నాడు తాతయ్య.

"ఉండవే, ఇక్కడికొచ్చి ఏం చేస్తావు? నాలాగా తిని కూర్చుంటావా?" అంది అత్తయ్య.

చివరికి ఫోను చిన్ని చేతికి వచ్చేసరికి పదకొండు సెకన్లు మిగిలాయి.

"నువ్వేమంటావే?"

"ఊఁ."

"ఊఁ అంటే ఉండమనా, రమ్మనా? సరేలే, రాసి పంపు. నీ ఉత్తరం చూశాకే చెప్తాను."

ఫోను ఆగిపోయింది. అత్తయ్య నవ్వింది. "పదకొండు సెకన్లూ మిగిలిపోయాయి కదే మూగనోమూ!"

ఆ రోజు చిన్ని రెండు పేజీల ఉత్తరం రాసింది. దాని సారాంశం ఒక్క మాట. "వచ్చెయ్యి."

అందరూ ఉండమన్న మనిషిని తాను రమ్మంటున్నట్టు ఇంట్లో తెలియకూడదు. అదొక చిక్కు. ఇంకో చిక్కు, సోమవారం నుంచి శుక్రవారం దాకా పరీక్షలు. ఎనిమిదింటికి బస్సు ఎక్కాలి. తొమ్మిదీ ఐదుకి తాను బల్ల మీద ప్రశ్నపత్రం ముందు ఉంటుంది. మరి ఉత్తరం ఎవరు పంపుతారు?

దానికి ఉపాయం అక్కే నేర్పి వెళ్ళింది. ఇంటి వెనక గదిలో షాపు కంప్యూటర్ ఉంది. అది ఒకప్పుడు అక్కాచెల్లెళ్ళ గది. అక్క ఉన్న రోజుల్లో ఆ గది తలుపు రోజుకు పదిసార్లు చిన్ని ముఖం మీద ధడాలున మూసుకునేది. "చదువుకోవాలి, పో" ధడాల్. "నా దువ్వెన ముట్టుకున్నావా?" ధడాల్. అక్క వెళ్ళిన రోజు నుంచి ఆ తలుపు బార్లా తెరిచే ఉంది. తెరిచి ఉన్న తలుపు అంత చప్పుడు చేస్తుందని చిన్నికి ముందు తెలియదు.

ఆ కంప్యూటర్‌లో ఒక నల్లతెర ఉంది. అందులో బొమ్మలుండవు, అక్షరాలే. మనం ఒక కమాండ్ రాస్తే అది చేస్తుంది. ఉత్తరాలు పంపడానికి అక్క చిన్న ప్రోగ్రాం ఒకటి తయారుచేసి దానికి 'పావురం' అని పేరు పెట్టింది. ఇవి కాక, ఫలానా టైముకి ఫలానా పని చెయ్యమని ముందే రాసి పెట్టుకునే వీలు కూడా ఉంది. మనం అక్కడ లేకపోయినా పని జరిగిపోతుంది. చిన్ని దానికి రాసిపెట్టింది. 'తొమ్మిదీ ఐదుకి ఉత్తరాల ఫోల్డర్‌లోకి వెళ్ళు. వెళ్ళగలిగితే, పావురం చేత అక్కకి ఉత్తరం పంపు.'

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, తొమ్మిదీ ఐదు అయ్యేసరికి పరీక్ష గదిలో కలం పట్టుకుని, చిన్ని తనలో తాను నవ్వుకుంది. లెక్కల పరీక్షలో నవ్విన పిల్లను చూసి టీచరు వచ్చి ఆమె బెంచీ కింద వెతికింది.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి నాన్న హుషారుగా ఉన్నాడు.

నాన్న షాపుకు రెండు నియమాలు. ఒకటి, ప్రింట్ చేసేది చదవకూడదు. ఒకసారి ఎవరో లాయరు ఇచ్చిన నోటీసులో తప్పు దిద్దితే, దిద్దినందుకు ఆయన నాన్నకే నోటీసు పంపాడు. అప్పటి నుంచి నాన్న కాగితాన్ని తలకిందులుగా పట్టుకుంటాడు. రెండోది, ఎన్ని కాపీలో చెప్పకపోతే వంద. ఆయన కంప్యూటర్ ముట్టుకోనవసరం లేకుండా, షాపు మెయిల్‌కు ఏది వచ్చినా దానంతటదే ముందు గదిలోని ప్రింటర్‌లో పడేలా అక్క ఏర్పాటు చేసి వెళ్ళింది.

"ఇవాళ పొద్దున్నే ఓ కొత్త ఆర్డరు పడిందే చిన్నీ" అన్నాడు నాన్న. "పేరు లేదు, ఊరు లేదు. ఒకటే వాక్యం. ఎవరిదో తేలక మీ తాతయ్యని చదవమన్నాను."

"అలాంటి ఫైల్ లేదు, అని ఉంది" అన్నాడు తాతయ్య. "ఇంకెవరిదవుతుంది? రికార్డుల ఆఫీసువాళ్ళది. ముప్ఫై ఏళ్ళుగా నాతో వాళ్ళనే మాట అదే."

చిన్నికి సంగతి అర్థమైంది. టైముకి చెప్పిన పని చెడిపోతే, కంప్యూటర్ ఆ గోడు తన యజమానికి మెయిల్ పంపి చెప్పుకుంటుంది. ఆ కంప్యూటర్ యజమాని షాపు. తన ఉత్తరం పోలేదు. దాని బదులు ఒక ఫిర్యాదు వచ్చింది. నాన్న దాన్ని గులాబీ రంగు కాగితం మీద వంద కాపీలు తీసి తాతయ్య చేత పంపించాడు.

"తీసుకున్నారా?" అంది అమ్మ వంటింట్లోంచి.

"తీసుకోవడమేమిటి, కళ్ళకద్దుకున్నారు" అన్నాడు తాతయ్య. "పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నోరు నొప్పెట్టేలా చెప్పే మాట అచ్చయి వచ్చింది. ఇక కిటికీ దగ్గరికి వచ్చినవాడి చేతిలో ఓ కాగితం పెట్టేస్తే సరి. ఇంకో వంద కావాలన్నారు."

చిన్ని వెనక గదిలోకి పరిగెత్తింది. నల్లతెర తెరిచి, అదే కమాండ్ అక్షరం పొల్లుపోకుండా తన చేత్తో రాసింది. క్షణంలో పావురం ఎగిరింది. వేళ దాటింది కాబట్టి దీవి నుంచి నల్లతెర మీదే 'ద్వారం మూసి ఉంది' అని జవాబొచ్చింది. అంటే పావురం అక్కడిదాకా వెళ్ళి తలుపు తట్టి వచ్చింది! మూడుసార్లు పంపింది. మూడుసార్లూ వెళ్ళింది.

తాను ఎదురుగా కూర్చుంటే చేసే పని, తాను లేనప్పుడు ఎందుకు చెయ్యదు? పిల్లి లేకపోతే ఎలుకలు ఆడినట్టు, ఇది కూడా మనిషి లేకపోతే బద్ధకిస్తుందా? చిన్ని దాన్ని బతిమాలింది. తెర మీది దుమ్ము తుడిచింది. టైము మళ్ళీ రాసింది.

మంగళవారం అదే ఫిర్యాదు మళ్ళీ ప్రింటర్‌లో పడింది. రికార్డుల ఆఫీసుకు వాళ్ళడిగిన రెండో వంద కాపీలూ అందాయి.

ఆ సాయంత్రం అమ్మ పక్కింటికి వెళ్ళింది. చిన్ని గుమ్మంలో కూర్చుని, తెరిచి ఉన్న పుస్తకాన్ని చూడకుండా చూస్తోంది. టీ పెడదామని అత్తయ్య వంటింట్లోకి వెళ్ళింది.

"నాన్నా, పంచదార ఎక్కడ పెడతారు ఈ ఇంట్లో?"

"ఉండే చోటే ఉంటుంది" అన్నాడు తాతయ్య. అలాంటివి ఆయనకు వినపడేవి.

"ఉండే చోటంటే? మీ కోడలు కళ్ళు మూసుకుని చెయ్యి చాపితే డబ్బా వచ్చి చేతిలో పడుతుంది. నాకేం తెలుసు? మూడు వారాలైనా చుట్టాన్ని చుట్టమే!"

డబ్బాలు మోగాయి. ఏదో కింద పడింది. కాసేపటికి టీ వచ్చింది. తాతయ్య ఒక గుక్క తాగి, "ఉప్పు సమపాళ్ళలో ఉందమ్మా" అన్నాడు.

చిన్ని చేతిలోంచి పుస్తకం జారిపోయింది.

తాను ఎదురుగా కూర్చుని రాసినప్పుడు కంప్యూటర్ అమ్మలాంటిది. ఉత్తరాలు ఏ గదిలో, ఏ అరలో ఉన్నాయో దానికి తెలుసు, ఎందుకంటే తానప్పటికే ఆ గదిలో కూర్చుని ఉంది. కానీ తొమ్మిదీ ఐదుకి పని చెయ్యడానికి వచ్చేది అమ్మ కాదు, అత్తయ్య! చుట్టపుచూపుగా వచ్చి, గుమ్మంలో నిలబడి, చీకట్లో తడుముకునే మనిషి. ఆ మనిషికి 'ఉత్తరాల ఫోల్డర్' అంటే ఏం అర్థమవుతుంది? వీధి గుమ్మం నుంచి మొదలుపెట్టి, ఏ గది, ఆ గదిలో ఏ బీరువా, ఆ బీరువాలో ఏ అర, అన్నీ చెప్పాలి.

చిన్ని గబగబా ఒక చీటీ రాసి అత్తయ్య చేతిలో పెట్టింది. 'వంటిల్లు. ఎడమవైపు గోడ. రెండో అర. పచ్చమూత డబ్బా. పంచదార.' తర్వాత వెనక గదిలోకి పరిగెత్తి, ఉత్తరాల ఫోల్డర్‌కు కూడా అలాగే పూర్తి చిరునామా రాసింది. ఏం జరుగుతోందో తనకు తెలియడానికి ఇంకొక పని కూడా చేసింది. 'పంపే ముందు ఎవరికి పంపుతున్నావో, ఏ టైముకో, ఏ ఉత్తరమో నాకు ఒకసారి చూపించు' అని కలిపింది.

"సరే, పంచదార దొరికింది" అని వంటింట్లోంచి అత్తయ్య కేక వేసింది. "మరి చెంచా ఎక్కడుందే?"

చిన్ని వినలేదు. ఆ ప్రశ్న వినిపించుకుని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

బుధవారం చిన్ని ఇంటికి వచ్చేసరికి షాపు బల్ల మీద గులాబీ కాగితాలు లేవు. ఫిర్యాదు రాలేదన్నమాట! ఉత్తరం వెళ్ళిపోయిందన్నమాట! ఆమె అన్నం రెండుసార్లు పెట్టించుకుంది. సాయంత్రం తాతయ్యతో "రేడియో సౌండ్ పెంచనా?" అని పూర్తి వాక్యం మాట్లాడింది. ఆయన నిజంగానే ఉలిక్కిపడ్డాడు. గురువారం పరీక్షలో ఆమె సముద్రాల గురించి అడిగిన రెండు మార్కుల ప్రశ్నకు మూడు పేజీలు రాసింది.

అసలు జరిగింది వేరు. బుధవారం ఉదయం తొమ్మిదింటికి పక్క వీధి పళ్ళ డాక్టరు ఫోను చేశాడు. "పన్ను పీకించుకున్నవాళ్ళకిచ్చే జాగ్రత్తల కాగితం అయిపోయిందండీ. కొత్తది మెయిల్ చేస్తున్నా, వంద తీయండి" అన్నాడు. ఆ మెయిల్ చెయ్యడం మరిచిపోయాడు. ఐదు నిమిషాలకు ప్రింటర్‌లోంచి ఒక కాగితం వచ్చింది. నాన్న దాన్ని తలకిందులుగా పట్టుకుని, తెల్ల కాగితం మీద ముందూ వెనకా వంద కాపీలు తీసి పంపాడు. డాక్టరుగారి కాంపౌండరు పైపైన ఒక వాక్యం చూశాడు. 'నోరు తెరవలేకపోతున్నాను.' సరిగ్గానే ఉందనుకుని పంచడం మొదలుపెట్టాడు. గురువారం అదే టైముకి అదే కాగితం మళ్ళీ వచ్చింది. "ఈ డాక్టరు చేతి కింద ఊళ్ళో పన్ను మిగిలేలా లేదు" అనుకుంటూ నాన్న ఇంకో వంద పంపాడు.

గురువారం మధ్యాహ్నం చిన్ని వీధి మలుపు తిరిగేసరికి షాపు ముందు వరస కనిపించింది. పదిహేను మంది దాకా ఉన్నారు. అందరికీ ఒక బుగ్గ బూరె. నోట్లో దూది. అందరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. ముందున్న పెద్దాయన నాన్న చెయ్యి పట్టుకుని ఊపేస్తున్నాడు.

"హావుయం... హావుయం హొయికిందా?"

"అయ్యా, దూది తీసి చెప్పండి!"

"తీయకూడదండి" అన్నాడు వాళ్ళతో వచ్చిన కాంపౌండరు. ఆయన ముఖం పాలిపోయి ఉంది. "పావురం దొరికిందా అని అడుగుతున్నారు. మా డాక్టరుగారు నన్ను చంపేసేలా ఉన్నారండీ! పన్ను పీకాక నవ్వకూడదు, ఏడవకూడదు. వీళ్ళు మొదటి పేజీలో నవ్వుతున్నారు, రెండో పేజీలో ఏడుస్తున్నారు. ఒక్కరికీ రక్తం ఆగట్లేదు. ఏం అచ్చు వేశారండీ మీరు?"

"నేను చదవను" అన్నాడు నాన్న.

"నేను చదువుతాను, ఇలా తే" అంది అత్తయ్య. కాగితం లాక్కుని, కళ్ళద్దాలు సవరించుకుని, వీధంతా వినపడేలా మొదలుపెట్టింది.

చిన్ని కాగితాల కట్టల వెనక్కి జారి కూర్చుంది.

"ఎవరికి: దీవి వాతావరణ కేంద్రం, అక్కకి. ఎప్పుడు: తొమ్మిదీ ఐదు. అక్కా, నోరు తెరవలేకపోతున్నాను. తెరిస్తే ఏడుపొస్తుందేమోనని భయం. ఫోనులో ఊఁ అన్నాను కదా, దాని అర్థం ఇది. అందరూ నిన్ను ఉండమన్నారు. నమ్మకు. అమ్మ రోజూ ఆరు కంచాలు తీసి, ఒకటి చూసుకుని వెనక్కి పెడుతుంది. పెట్టేటప్పుడు చప్పుడు కాకుండా పెడుతుంది. నాన్న షాపు మూసే ముందు నీ సైకిల్ తుడుస్తాడు. ఎవరూ తొక్కని సైకిల్‌కి అంత దుమ్ము ఎక్కణ్ణుంచి వస్తుంది? తాతయ్య రేడియోలో దీవుల వాతావరణం వింటాడు. చెవుడని చెప్పే మనిషి ఆ ఐదు నిమిషాలూ ఎవరు దగ్గినా ఊరుకోడు. అత్తయ్య..."

అత్తయ్య ఆగింది. బుగ్గలవాళ్ళంతా ముందుకు వంగారు.

"చదువు" అన్నాడు తాతయ్య.

"అత్తయ్య వారానికని వచ్చి పోకుండా ఉన్నది తినడానికి కాదు. నీ మంచం ఖాళీగా కనపడితే అమ్మ ఆ గదిలోకి రాదని, అందులో తను పడుకుంటోంది. ఆమె గురక మాత్రం మంచం కంటే పెద్దది. నన్ను మూగనోము అంటుంది. నాకు కోపం లేదు. నువ్వు తలుపు మూస్తే తప్ప నాకు కోపం రాదు. ఆ తలుపు ఎనిమిది నెలలుగా ఎవరూ మూయలేదు అక్కా. వచ్చెయ్యి. వచ్చి నా ముఖం మీద తలుపు వెయ్యి."

ఆ కింద కంప్యూటర్ తనంతట తాను ఇంగ్లీషులో చేర్చిన ముక్క ఒకటుంది. దాన్ని కాంపౌండరే అందరికీ తెలుగులో చెప్పాడు. "పావురం దొరకలేదు."

పెద్దాయన దూది మీద నుంచే బావురుమన్నాడు.

అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో కంచం ఉంది. నాన్న గోడ వైపు తిరిగి, తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచాడు. తుడుస్తూనే అన్నాడు, "అయితే ఫోనులో అందరం అబద్ధాలాడామన్నమాట."

"నేనాడలేదు. నాకసలు ఆ ప్రశ్నే వినపడలేదు" అన్నాడు తాతయ్య.

అత్తయ్య కట్టల వెనక్కి వంగి చూసింది. "బయటికి రావే మూగనోమూ. గురక గురించి తర్వాత మాట్లాడదాం. ముందు ఆ పావురం సంగతి చూడు. రేపే కదా శుక్రవారం?"

చివరి ముక్క విన్నాక చిన్నికి అంతా అర్థమైపోయింది. ఉత్తరం ఎక్కడుందో చెప్పింది గానీ, పావురం ఏ గూట్లో ఉందో చెప్పలేదు. పంచదార చిరునామా చెప్పి, చెంచా చిరునామా మరిచిపోయింది. వెనక గదిలో కూర్చుని పావురానికి కూడా వీధి గుమ్మం నుంచి దారి రాసింది. తనకు చూపించమన్నది కూడా షాపు మెయిల్‌కే వెళ్తోందని గ్రహించి, ఆ ముక్క తీసేసింది.

"రేపు ఆ టైముకి నేనే కూర్చుని నొక్కుతానే" అన్నాడు నాన్న.

చిన్ని తల అడ్డంగా ఊపి, చీటీ మీద రాసింది. 'మీరు ఒక్క అక్షరం తప్పు నొక్కినా చెడిపోతుంది. ఎవరూ ముట్టుకోవద్దు. అదే వెళ్తుంది.'

శుక్రవారం తొమ్మిదింటికి నలుగురూ కంప్యూటర్ ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు. తొమ్మిదీ ఐదు అయింది. చిన్ని రాసినది అక్షరాలా పనిచేసింది. గుమ్మం దొరికింది, గది దొరికింది, ఉత్తరం దొరికింది, పావురం దొరికింది. పావురం ఎగిరింది. నిమిషం తర్వాత ముందు గదిలో ప్రింటర్ కదిలింది. నాన్న వెళ్ళి కాగితం తీశాడు. షాపు పెట్టాక మొట్టమొదటిసారి, కాగితాన్ని తిన్నగా పట్టుకుని చదివాడు.

'ద్వారం దగ్గర రద్దీ ఎక్కువగా ఉంది. మీ ఉత్తరం లోపలికి రాలేదు.'

"అక్కడ రద్దీ ఏమిటి?" అంది అమ్మ. "ఆ దీవిలో ఉండేది పదిమంది కదా?"

అత్తయ్య మెల్లగా లేచి, కొంగు సర్దుకుని, తలుపు వైపు నడిచింది.

"అక్కయ్యా" అన్నాడు నాన్న. "ఎవరికైనా చెప్పావా?"

"మంచికే చెప్పానురా" అంది అత్తయ్య. "కాగితం మీద చిరునామా ఉంది, టైము ఉంది. పాపం ఆ బుగ్గలవాళ్ళు ఏదైనా సాయం చేస్తామన్నారు. మీరూ ఒక్కో ముక్క రాయండి నాయనా, తొమ్మిదీ ఐదుకే పంపండి అన్నాను. వాళ్ళు ఇళ్ళల్లోవాళ్ళకి చెప్పి ఉంటారు."

"మొత్తం ఎంతమంది?"

"రికార్డుల ఆఫీసువాళ్ళని కలపమంటావా, వద్దా?"

తొమ్మిదీ ఇరవై అయింది. ద్వారం మూసుకుంది.

ఆఖరి పరీక్ష రాసి వచ్చిన చిన్నికి ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పనవసరం లేకపోయింది. అమ్మ ఆ మధ్యాహ్నం ఐదు కంచాలే తెచ్చింది. ఆదివారం అందరూ ఫోను చుట్టూ కూర్చున్నారు. చిన్ని ఈసారి మాట్లాడదామని రెండు వాక్యాలు బట్టీపట్టుకుని ఉంది. ఫోను మోగలేదు. కోపం వచ్చిందేమోనని అమ్మ, లైను పాడైందేమోనని నాన్న అన్నారు. తాతయ్య రేడియో పెట్టాడు. దీవుల్లో గాలి నెమ్మదించిందట.

వారం గడిచింది. తర్వాతి సోమవారం ఉదయం, సెలవుల్లో, చిన్ని గుమ్మంలో కూర్చుని ఉండగా వీధి చివర ఒక పెట్టె కనిపించింది. పెట్టె కింద అక్క ఉంది. పెట్టెను నెత్తిన పెట్టుకుని నడవడం ఆ దీవిలో నేర్చుకున్నట్టుంది. నల్లబడింది, చిక్కింది, చెప్పుల్లో ఇంకా ఇసక ఉంది.

ఇంట్లో గోల మొదలైంది. అమ్మ ఏడ్చింది. నాన్న సైకిల్ చూపించాడు. "ఉండమన్నారు కదా, ఎలా వచ్చావే?" అని అత్తయ్య అమాయకంగా అడిగింది.

"ఉండిపోదామనే అనుకున్నా అత్తయ్యా" అంది అక్క. "చిన్నదాని ఉత్తరం కోసం సోమవారం చూశా, మంగళవారం చూశా, నాలుగు రోజులూ చూశా. ఒక్క ముక్క రాలేదు. సరే, దానికీ నాతో పని లేదు కాబోలు అనుకుని, 'ఉంటాను' అని రాసి శుక్రవారం తొమ్మిదీ ఐదుకి పంపబోయా. లైను నిండిపోయింది! ఎవరెవరో, ఊరూ పేరూ తెలియనివాళ్ళు, రెండు వందల ఉత్తరాలు. అన్నిట్లోనూ ఒకటే గోల, మీ చెల్లెలు రమ్మంటోంది వెళ్ళండి, అని. ఒకాయన రక్తపు మరక పడ్డ చిన్నదాని ఉత్తరాన్నే ఫోటో తీసి పంపాడు. ఆ తోపులాటలో నా ఉత్తరం బయటికి వెళ్ళలేదు. తొమ్మిదీ ఇరవై దాటిపోయింది. నేను వెళ్ళిపోతున్నట్టే లెక్క. మా కేంద్రం అధికారి ఫోను కూడా కట్ చేసి, మొదటి పడవ ఎక్కించేశాడు."

"ఉద్యోగం పోయిందా?" అన్నాడు నాన్న.

"పోయింది" అంది అక్క. పోయినదాన్ని చెప్పే ముఖం కాదది. "పడవలో ఆ ఉత్తరం ఇరవైసార్లు చదివాను."

చిన్ని అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడే ఉంది. అక్క పెట్టె లాక్కుంటూ వెనక గదిలోకి నడిచింది. చిన్ని వెంటే నడిచింది. అక్క కంప్యూటర్ ముందు వంగి, తెర మీద ఉన్నది చదివి, "పావురం గూటి చిరునామా ఆలస్యంగా తోచిందన్నమాట" అని ముక్కుతో నవ్వింది. బల్ల మీద తన దువ్వెన ఉంది. దాన్ని తీసి వెలుతురులో పెట్టి చూసింది. పళ్ళ మధ్య చిన్ని జుట్టు ఉంది.

చిన్ని గుమ్మంలో నిలబడి ఊపిరి పీల్చుకుంది. వారం నుంచి బట్టీపట్టిన రెండు వాక్యాలూ గొంతు దాకా వచ్చాయి. ఈసారి ఒకదాన్నొకటి తోసుకోలేదు.

"అక్కా, నేను ఊఁ అన్నాను కదా..."

"నాలుగు రోజులు పడవలో నిద్ర లేదు. ఏదైనా ఉంటే రాసి పంపు. నా దువ్వెన ముట్టుకున్నందుకు నీ సంగతి తర్వాత చెప్తా, పో!"

ధడాల్.

తలుపు చిన్ని ముక్కుకు అంగుళం దూరంలో ఆగింది. గోడ అదిరి సున్నం రాలింది. ముందు గదిలో నాన్న తలెత్తి గడియారం చూశాడు. సరిగ్గా తొమ్మిదీ ఐదు.

ఆ నెలలో ఆ ఇంట్లో టైముకి జరిగిన పని అదొక్కటే.